గోడపై బంధువర్గము



ఛాయాచిత్రకళ 1839లో లోకమునకు వెల్లడియైనది. హైదరాబాదున లాలా దీనదయాళ్ 1892లో ఘోషాస్త్రీలకై ప్రత్యేకముగా ఒక స్టూడియో నెలకొల్పెను. దానిని నడపినది ఒక ఆంగ్లవనిత. తమ రూపము తమవారి కడ నిలువవలెనను కోరిక ఘోషాను సైతము దాటినది.

బదిలీలపై ఊరూర తిరుగు ఉద్యోగుల యిండ్లలో ఆ కోరిక మరింత బలమైనది. ఢిల్లీ క్వార్టర్సులో పెరుగు బిడ్డకు అమ్మమ్మ ముఖము వేసవి సెలవులలో మాత్రమే కనబడును. తెలుగు యిండ్లలో పెద్దల పటము తరచుగా పూలదండతోనే గోడకెక్కును. వారు జీవించియుండగానే ఎక్కుట మేలు. కుర్చీలో బిగిసి కూర్చున్న పటముకంటె, కిటికీ వెలుతురున ఆవకాయ కలుపుచున్న పటము అమ్మమ్మను నిజముగా చూపును.

నేడు చిత్రములు వేలకొలది సెల్‌ఫోనులలోనే యుండిపోవుచున్నవి. ఏటికి పదింటిని ఏరి అచ్చు వేయించవలెను. ఎండకు రంగులు వెలియును. చెమ్మకు బూజు పట్టును. కావున అట్టి గోడలు తగవు. పటము బిడ్డల కంటికి అందు ఎత్తున నుండవలెను. వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరము వ్రాయవలెను. పేర్లెరిగిన పెద్దలుండగానే ఈ పని జరుగవలెను. వారి పిమ్మట, పేరులేని పటము సొంత యింటిలోనే పరాయిదగును.