పునాది చూసిన సారు

(పరకాలలో విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన పరకాల నుంచి రేగొండ దిక్కు పోతే పాండవుల గుట్టలున్నయి. ఇంకా ముందుకు పోతే గణపురం కోటగుళ్లు, ఆ తర్వాత రామప్ప. ఇన్ని పెట్టుకొని కూడా "మా దగ్గర ఏమున్నది సార్?" అని మన పిల్లలే అడుగుతున్నరు. ఆ ప్రశ్నకు తన చదువుతోని జవాబు చెప్పిన ఒక ఆచార్యుని గురించి మాట్లాడుత.

ఆయన ఆచార్య పాండురంగారావు. వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలల, అంటే ఇప్పటి నిట్‌ల, పాఠాలు చెప్పి రిటైరయిన సారు. అందరూ రామప్పల శిల్పాలు చూస్తే, ఆయన పునాది చూసిండు. 1213ల రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఎనిమిది వందల ఏండ్లు ఎట్ల నిలబడ్డది? కింద ఇసుక నింపిన పునాది. భూమి అదిరితే ఆ అదురును ఇసుక తట్టుకుంటది. పైన విమానానికి నీళ్ల మీద తేలే ఇటుక. అంటే గోడల మీద బరువు తగ్గించిన్రు. మన పెద్దల ఇంజనీరింగ్ ఇది.

విశ్రాంత ఐఏఎస్ అధికారి బి.వి. పాపారావుతోని కలిసి, కాకతీయ హెరిటేజ్ ట్రస్టు ద్వారా ఆయన ఈ సంగతిని ప్రపంచం ముందు పెట్టిండు. 2014ల యునెస్కో తాత్కాలిక జాబితాకు వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట తోరణాలు, రామప్ప మూడూ కలిసి ఎక్కినయి. చివరికి రామప్ప ఒక్కటే ముందుకు పోయింది. 2021 జూలై 25న గుర్తింపు దొరికింది. తెలంగాణకు అది మొట్టమొదటి ప్రపంచ వారసత్వ స్థలం.

మిత్రులారా, సంబురం చేసుకున్నం. సరే. మరి పాలంపేట సంగతేంది? చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపల కొత్త ఇల్లు కట్టొద్దు. ఆపైన ఇంకో రెండు వందల మీటర్ల దాకా అనుమతి కావాలె. గుడి కోసం ఈ నియమం ఉండాల్సిందే. కానీ ఆ భారం మోసేది ఊరోళ్లు. పొద్దున బస్సుల వచ్చి, ఫొటోలు దిగి, సాయంత్రం వెళ్లిపోయే పర్యాటకంతోని వాళ్లకు మిగిలేది ప్లాస్టిక్ చెత్తనే.

నిలిచే పర్యాటకం అంటే గుడి నిలవాలె, చెరువు నిలవాలె, ఊరు నిలవాలె. గైడు ఆ ఊరి పిల్లగాడు కావాలె. బువ్వ ఆ ఊరి ఆడబిడ్డలు వండాలె. వచ్చినోళ్లు ఒక రాత్రి ఉండి కోటగుళ్లు, పాండవుల గుట్టలు కూడ చూసి పోవాలె. కిరాయి పైసలు ఇక్కడనే తిరగాలె.

విద్యార్థులారా, మీరు సివిల్ చదివినా, చరిత్ర చదివినా, కామర్స్ చదివినా మీ ఊరి గుడి, గుట్ట, చెరువు మీద ఒక్క ప్రాజెక్టు చెయ్యున్రి. ఉద్యోగులారా, ఆదివారం మీ పిల్లలను తీసుకపోయి చూపెట్టున్రి. శిల్పంతోపాటు పునాది గురించి కూడ చెప్పున్రి. కింద ఉన్నది గట్టిగుంటేనే పైన ఉన్నది నిలుస్తది. రామప్పకు ఆ పునాది ఇసుక. పర్యాటకానికి ఆ పునాది ఊరోళ్లు.