కీసరగుట్ట: ఇటుకలలో మిగిలిన చరిత్ర



ప్రాచీన కట్టడము లనగానే రామప్పగుడి, గోలకొండ, చార్మినారు కనులకు గట్టును. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములవారు పూర్వవైభవమును చూడవలెనన్న అంతదూరము పోనక్కరలేదు. సమీపముననే కీసరగుట్ట కలదు. ఏటేట శివరాత్రికి వేలకొలది జనులు ఆ గుట్ట నెక్కి, రామలింగేశ్వరుని సేవించి దిగివచ్చుచుందురు. తమ పాదముల క్రింద నున్న చరిత్రను తలచువారు మాత్రము అరుదు.

గుట్టపై ఆరుబయట ఎన్నో శివలింగములు చెదరియున్నవి. శ్రీరాముడు కాశినుండి లింగమును తెమ్మని హనుమంతుని పంపి, ముహూర్తము మించునని వేరొక లింగమును ప్రతిష్ఠించెననియు, ఆలసించి వచ్చిన హనుమంతుడు కినిసి తాను తెచ్చిన లింగములను విసరివైచెననియు స్థలపురాణము. ఆంజనేయుని తండ్రియగు కేసరి పేరనే కేసరిగిరి యనియు, అదియే కీసర యయ్యెననియు పెద్దలు చెప్పుదురు. భక్తికి పురాణము చాలును. చరిత్రకు పార పట్టవలసివచ్చినది.

1970వ దశాబ్దిలో రాష్ట్ర పురావస్తుశాఖ త్రవ్వకములు జరుపగా ఇటుక కట్టడముల పునాదులు, కోటగోడ యానవాళ్లు, నాణెములు, గారబొమ్మలు బయల్పడినవి. ఇవి విష్ణుకుండినుల కాలపువని పండితులు నిర్ణయించిరి. పదునొకండు అశ్వమేధములు చేసినట్లు శాసనములందు కీర్తింపబడిన మాధవవర్మ ఆ వంశమువాడే.

ఇంతకంటె విలువైనది అచటి బండపై చెక్కిన ఒక్క మాట. బ్రాహ్మీలిపిలో "తొలచువాన్ఱు" అని యున్నది. రాతిని తొలుచువారని దాని యర్థముగా చెప్పుదురు. సుమారు 5వ శతాబ్దిదిగా ఎంచబడు ఈ వ్రాత, తెలుగు మాట కనబడు మిక్కిలి ప్రాచీనమైన వ్రాతలలో నొకటి. రాజుల బిరుదములు రాగిరేకులపై నిలిచినవి. ఇచట పనివాండ్ర వృత్తి బండపై నిలిచినది.

విష్ణుకుండినుల కాలమునాటివని పలువురు చెప్పు ఉండవల్లి గుహలు నేటికిని నిలిచియుండగా, కీసరలో పునాదులే మిగులుట కేమి కారణము? కొండను తొలిచిన గుహను ఎవ్వరును మోసికొని పోజాలరు. ఇటుకయో, ఒక గోడనుండి ఊడి మరియొక గోడకు పోగలదు. కావుననే ఇటుక కట్టడమునకు కాపు ఎక్కువ కావలెను.

నేడు నగరము ఇటువైపు పెరుగుచున్నది. ఇండ్ల స్థలములకై మిట్టలు చదునగుచున్నవి. ఒక పాతగోడ పోయినచో దానిని మరల కట్టవచ్చునేమో గాని, అది చెప్పు సాక్ష్యము మరల రాదు. భూమిలో దొరకిన నిక్షేపము పది రూపాయల విలువకు మించినచో కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి చట్టము విధించుచున్నది. శాసనపు రాతికి వెల కట్టువారు లేరు గనుక, అది చాకిరేవులో బండయై అరిగిపోవుచుండును.

గ్రామ లెక్కలలో బావికి, చెరువుకు, బాటకు స్థానము కలదు. పాతగోడకును ఒక పుట కావలెను. ఆ పుటను గ్రంథాలయమే తెరవవచ్చును. ఒక గట్టి యట్ట పుస్తకములో వీరగల్లు, మెట్లబావి, శిథిలాలయము, వ్రాతబండ, వీనిలో ప్రతిదానికి నున్న చోటు, సరిహద్దులు, కొలతలు, చూచిన తేది వ్రాసి, ఇద్దరు పెద్దలచే చేవ్రాలు చేయించవలెను. ఏటేట సరిచూచి, లోపించినదానిని ఎఱ్ఱసిరాతో గుర్తింపవలెను. దీనికి ధనముకంటె ఓపిక ఎక్కువ కావలెను. రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయమునకు ఓపిక కొఱతగాదు.