52 నిమిషాల ఫ్లైట్, నాలుగున్నర గంటల ప్రయాణం

లాస్ట్ ఇయర్ మా అమ్మమ్మకి వైజాగ్‌లో ఆపరేషన్. ఉదయం తొమ్మిదిన్నరకి లోపలికి తీసుకెళ్తారని చెప్పారు. నేను విజయవాడలో ఉన్నా. థియేటర్‌లోకి వెళ్ళే ముందు ఒక్కసారి కనపడమంది, అంతే.

ఫోన్ తీసి గన్నవరం టు వైజాగ్ ఎయిర్‌పోర్ట్ అని కొట్టా. 290 కిలోమీటర్లు, 52 నిమిషాలు అని వచ్చింది. 7:50కి డైరెక్ట్ ఫ్లైట్ ఉంది. 8:42కి దిగుతా, తొమ్మిదింపావుకల్లా హాస్పిటల్‌లో ఉంటా అనుకుని బుక్ చేసేశా. బీటెక్ చదివి, నాలుగేళ్ళు కోడ్ రాసి, ఆ 52 ఎలా వచ్చిందో ఒక్క నిమిషం ఆలోచించలేదు!

ఎలా వచ్చిందో చెప్తా. రెండు ఎయిర్‌పోర్ట్‌ల అక్షాంశాలు, రేఖాంశాలు తీసుకుని భూమి మీద తిన్నగా గీత గీస్తే వచ్చేది ఆ 290. గీత దాదాపు రాజమండ్రి మీదుగానే పోతుంది. రోడ్డు అయినా, రైలు అయినా 350 దాకా ఉంటుంది. అంటే గాల్లో ఎగిరి మనం మిగుల్చుకునేది 60 కిలోమీటర్లే. ఇక టైమ్. కొన్ని సైట్లు ఏ రూట్ అయినా గంటకి 500 మైళ్ళు, అంటే 805 కిలోమీటర్ల స్పీడ్ పెట్టి భాగిస్తాయి. 22 నిమిషాలు. టేకాఫ్, ల్యాండింగ్‌కి ఓ అరగంట కలుపుతాయి. మొత్తం 52. ఏ విమానం ఎగురుతుందో కూడా వాటికి తెలీదు.

చిన్న రూట్లలో ఎక్కువగా తిరిగేది ఏటీఆర్ 72. రెక్కలకి ప్రొపెల్లర్లు ఉంటాయి కదా, అదే. దాని స్పీడ్ 500 కిలోమీటర్లు, కొంచెం అటూ ఇటూ. పోనీ పెద్ద జెట్ వేసినా ఇంత దగ్గరకి ఫుల్ స్పీడ్‌లో ఎంతసేపు వెళ్తుంది? ఎక్కడం అయ్యేసరికి దిగడం మొదలు. పైగా రన్‌వే ఎటు వాడుతున్నారో చూసుకుని తిరగాలి. వైజాగ్‌ది నేవీ వాళ్ళ ఐఎన్ఎస్ డేగా ఎయిర్‌ఫీల్డ్, వాళ్ళ విమానాలూ అక్కడే. అందుకే టికెట్ మీద ఉండే టైమ్‌ని నమ్మండి. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు: విమానం నిలిపిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి, అక్కడ మళ్ళీ ఆగేదాకా. నా టికెట్ మీద గంటా పది నిమిషాలని స్పష్టంగా ఉంది. చూసుకోలేదు.

ఇంకో మాట. డైరెక్ట్ ఫ్లైట్ లేని రోజు యాప్ హైదరాబాద్ మీదుగా చూపిస్తుంది. తూర్పుకి 290 వెళ్ళడానికి ముందు పడమరకి 260 పైన, అక్కడి నుంచి వెనక్కి 510. దానికి ఏం పేరు పెట్టాలో మీరే కామెంట్స్‌లో చెప్పండి.

సరే, ఆ రోజు. ఇంటి దగ్గర 5:20కి బయల్దేరా, చెక్-ఇన్ కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి. తొమ్మిదికి దిగా. బ్యాగ్, క్యాబ్, ట్రాఫిక్. జగదాంబ దగ్గర హాస్పిటల్ మెట్లెక్కేసరికి 9:50. వందే భారత్ ఈ దూరాన్ని నాలుగు, నాలుగున్నర గంటల్లో లాగేస్తుంది. అంతెందుకు, ముందు రోజు రాత్రి గోదావరి ఎక్కి పడుకుని ఉంటే తెల్లారేసరికి అక్కడుండేవాణ్ణి.

సాయంత్రం అమ్మమ్మ కళ్ళు తెరిచి మొదట అడిగింది, "టికెట్ ఎంతరా?" చెప్పా. "రైల్లో రావచ్చు కదా నాయనా" అంది.