మెట్రో విస్తరణము: వ్యయభార మెవరిది?

(పఠనమందిర సభయందు చేసిన యుపన్యాసము)



హైదరాబాదు నగరమున మెట్రోరైలును విస్తరింపవలెనా యను ప్రశ్న నేడు మనముందు లేదు. విస్తరింపవలసినదే. వీధులలో చోటు లేదు. పనికి పోవువానికి కాలము లేదు. వివాదమంతయు నొక్క విషయమున నున్నది: ఈ వ్యయభార మెవరు మోయవలెను?

ఈ నగరమునకు ప్రజారవాణా క్రొత్తది కాదు. 1932లో నిజాము రాష్ట్ర రైల్వేశాఖవారు 27 బస్సులతో రోడ్డు రవాణా నారంభించిరి. నాడు నడపినది ప్రభుత్వశాఖయే. 2010లో మరియొక త్రోవ త్రొక్కితిమి. మెట్రో నిర్మాణమును, నిర్వహణమును ఎల్ అండ్ టీ సంస్థ కప్పగించి, 1,458 కోట్ల రూపాయల ప్రభుత్వసహాయము నిర్ణయించి, స్టేషనులవద్ద, డిపోలవద్ద కట్టడములు కట్టి అద్దెలు పొందు హక్కు నిచ్చితిమి. ఖజానాకు బరువు తప్పినదని సంతసించితిమి. 2017 నవంబరులో బండి నడచెను. 2020లో మహమ్మారి దానిని నెలల తరబడి నిలిపెను. వడ్డీ మాత్రము నిలువలేదు. 2025 మే నెలలో గరిష్ఠపు ఛార్జీ 60 రూపాయలనుండి 75కు పెరిగి, ప్రజల యలజడిపై 69కి దిగెను. ఆ సెప్టెంబరులోనే సుమారు 13,000 కోట్ల అప్పుతో మొదటిదశను తాను స్వీకరించుటకు రాష్ట్రప్రభుత్వ మొప్పుకొనెను.

పత్రమున నష్టభయము సంస్థపేర వ్రాసితిమి. కాని నగరమునకు ప్రాణమైన బండిని ఏ ప్రభుత్వమును ఆపజాలదు గనుక, ఆ భయము తుదకు ఖజానాకే చేరెను. పత్రములను నమ్ముట వకీళ్లమైన మా వృత్తి. ఈ పత్రము మాకును బుద్ధి గరపినది.

2024లో రాష్ట్రమంత్రివర్గ మామోదించిన రెండవదశకు 24,269 కోట్లు అంచనా. అందు దాదాపు సగము ఋణము. ఋణము ధనము కాదు, రేపటికి వాయిదా వేసిన పన్ను. దాని నెవరు తీర్తురు?

ఛార్జీలే పెంచుదమని కొందరందురు. ఛార్జీ పెరిగిన ప్రయాణికుడు మోటారుసైకి లెక్కును; బండి వెలితిపడును, వీధి నిండును. సర్వజనుల పన్నులనుండి యిత్తమని మరికొందరందురు. అట్లయిన, ఈ రైలును కంట చూడని ఆదిలాబాదు రైతును దాని వెల చెల్లించును. అది న్యాయమా?

మే మనునది యిది: లాభము పొందినవాడు భాగ మీయవలెను. పారిసు ప్రాంతమున 1971నుండి యజమానులు తామిచ్చు జీతముల ననుసరించి రవాణాకు పన్ను కట్టుచున్నారు. లండనులో క్రొత్త రైలుమార్గముకొరకు 2010నుండి పెద్ద వ్యాపారభవనములపై అదనపు పన్ను విధించిరి. మన నగరమునను లైను ప్రకటించిననాడే చుట్టుపట్ల స్థలముల వెల పెరుగును. ఆ పెరుగుదలకు స్థలయజమాని యొక యిటుకయైన పేర్చలేదు.

చిన్న యింట కాపురమున్న వితంతు వెట్లు చెల్లించునని యడుగుదురు. ఉచితమైన ప్రశ్న. చిన్న యిండ్లను విడిచిపెట్టుడు. తక్కినవారివద్ద స్థల మమ్మినపుడో, అదనపు అంతస్తులకు అనుమతి కోరినపుడో వసూలు చేయుడు. ఆ పైకమును ప్రత్యేకపు ఖాతాలో నుంచి, ఏటేట లెక్కలు ప్రజలముందు పెట్టుడు.

సోదరులారా, బండి యందరిది. టిక్కెట్టు కొనువాడు తన వంతు దినదినము చెల్లించుచున్నాడు. దారిప్రక్కనున్న మేడలు తమ వంతు చెల్లించునట్లు చేయుటయే నేటి కర్తవ్యము.