అంకె సరే, వోల్టు సంగతేమిటి?
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తిరుపతి నుండి చిత్తూరు వెళ్లే దారిలో ఉన్న గాదంకి రాడారు పేరు మీరంతా వినే ఉంటారు. అక్కడి 1024 యాంటెన్నాలు పైగాలి పొరల నుండి తిరిగివచ్చే సంకేతాన్ని అందుకుంటాయి. దాన్ని అంకెలుగా మార్చి గాలి వేగం లెక్కకడతారు. నా ఉద్యోగమంతా దానికి ఎదురు పని. కంప్యూటరు ఇచ్చిన అంకెను వోల్టేజీగా మార్చే డిజిటల్-టు-అనలాగ్ కన్వర్టర్లను, పొట్టిగా 'డాక్'లను, చూసుకోవడం.

12 బిట్ల డాక్ 10 వోల్టులను 4096 మెట్లు చేస్తుంది. మెట్టు సుమారు 2.44 మిల్లీవోల్టులు. ఇంత సన్నని మెట్లుంటే ఇక తప్పే రాదని నేనూ నమ్మినవాడినే. కానీ మెట్లు సన్నగా ఉండటం వేరు, ఉండవలసిన చోట ఉండటం వేరు.

తప్పులు ముఖ్యంగా మూడు. సున్నా అడిగితే సున్నా రాకపోవడం ఆఫ్‌సెట్ దోషం. ఖాళీ త్రాసులోనే ముల్లు ఒరిగినట్లు. రెండోది గెయిన్ దోషం. గజంబద్ద కురచైతే గుడ్డ పొడవుకొద్దీ తేడా పెరిగినట్లు. ఈ రెండింటినీ స్క్రూ తిప్పి సరిచేయవచ్చు. మూడోది నాన్‌లీనియారిటీ. మొదలు, చివర బాగానే ఉండి, నడిమి మెట్లు కొండ దారి మెట్లలాగా ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి. ఇది స్క్రూకు లొంగదు.

ఇక నా తప్పు చెబుతాను. ఒక కర్మాగారంలో మధ్యాహ్నం షిఫ్టులో సరుకు సరిగా కాలడంలేదని ఫిర్యాదు వచ్చింది. తెరమీద అంకె సరిగానే ఉంది. "ఫర్నేసు వేడి చాలడంలేదు సార్" అని ఆపరేటరు కుర్రాడు ఎంత చెప్పినా వినక మెమో ఇచ్చాను. తెర చూపేది మనం అడిగిన అంకెనే గాని, వచ్చిన వోల్టును కాదని నాకు తెలియనిదా!

వారం తర్వాత మండే మధ్యాహ్నం ప్యానెలు తెరిచి మీటరు పెట్టాను. సున్నాకు సున్నాయే వచ్చింది. 10 వోల్టులు రావలసినచోట 9.90 మాత్రమే. అంటే 41 మెట్లు తక్కువ! ప్యానెలు ఫ్యాను ఆగిపోయి, డాక్‌కు కొలబద్ద అయిన రిఫరెన్స్ వోల్టేజి వేడికి జారిపోతోంది. అంతవరకు నేను ఉదయం చల్లని వేళనే కొలిచి, అంతా బాగుందని రాస్తూ వచ్చాను.

మెమో రద్దు చేయించి, అందరి ఎదుట అతనికి క్షమాపణ చెప్పుకున్నాను. "పోనీలెండి సార్" అన్నాడు. ఆ మాట నేటికీ గుచ్చుతుంది.

ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. సున్నా దగ్గర, మధ్యలో, చివర, అదీ యంత్రం వేడెక్కిన వేళ కొలవండి. మనిషిమీద కలం ఎత్తడం ఆ తర్వాతే.

సెలవు.