దారము లేని గాలిపటము



సంక్రాంతి దినములలో హైదరాబాదు పాతబస్తీ మీది ఆకాశమును మీలో పలువురు చూచియే యుందురు. గుల్జార్ హౌజు దుకాణములలో రంగు కాగితపు పటములు దొంతరలుగా వ్రేలాడును. ధూల్‌పేటలో ఇంటింట వెదురు చీల్చి, కాగితము కత్తిరించి, పటములు కట్టుచుందురు. మేడమీది పిల్లవాడు చరఖాను తోడివాని చేతికిచ్చి దారమును ఒక్క గుంజు గుంజినంతనే, అల్లంత ఎత్తున పటము తల త్రిప్పును, మునుగును, మరల లేచును. ఆ పిల్లవాడు వాయుశాస్త్రము చదివినవాడు కాడు. అయినను గాలి యొత్తిడి, బరువు, సమతూకము అను మూడింటి లెక్క వాని వ్రేళ్లకు తెలియును. నేడు నేను ప్రసంగింపబోవునది ఆ గాలిపటమునకు తమ్ముని వరుస యగు వస్తువును గూర్చి. అది రేడియో తరంగములచే నడుపబడుచు ఆకాశమున విన్యాసములు చేయు చిన్న విమానము. గాలిపటమునకు దారమెట్టిదో, దీనికి తరంగమట్టిది.

వ్యాకరణము చెప్పుకొని బ్రతికిన బడిపంతులునకు విమానముల ఊసెందుకని మీరడుగవచ్చును. కారణము కలదు. మా వీధిలో ఇంటర్మీడియెట్ చదువు బాలుడొకడు కలడు. వాని తండ్రి నా పూర్వశిష్యుడు. లాడ్ బజారులో ఒక గాజుల దుకాణమున లెక్కలు వ్రాయును. అతడొకనాడు నా యొద్దకు వచ్చి, "పంతులుగారూ, మావాడు రేడియో విమానము చేసెదనని పట్టుపట్టినాడు. కళాశాల ఫీజునకు దాచిన పైకము అడుగుచున్నాడు. ఇది ఆటయా, చదువా? మీరే చెప్పవలెను" అనెను. తెలియని సంగతికి తీర్పు చెప్పుట పాడిగాదు. నెల దినములు గడువడిగి, తెలిసినవారి నడిగి, గ్రంథములు చూచి, ఆ బాలుని బల్లయొద్ద కూర్చుండి నేర్చుకొంటిని. ఆ నేర్చినదే ఈ ప్రసంగము.

తీగ లేక దూరపు వస్తువును కదలించుట మన దేశమునకు క్రొత్తగాదు. 1895లో కలకత్తా పురభవనమున జగదీశచంద్ర బోసుగారు కంటికి కనబడని తరంగములను గోడల గుండ పంపి, అవతల గంట మ్రోగించి, తుపాకిమందు ప్రేల్చి చూపిరి. 1898లో న్యూయార్కున నికోలా టెస్లాగారు చిన్న పడవను తరంగములచే నడిపించిరి. 1937లో అమెరికాలో వాల్టరు గుడ్, విలియము గుడ్ అను సోదరులు రేడియోచే నమూనా విమానమును నడిపిరి. 1960లో స్విట్జర్లాండు దేశపు డ్యూబెన్‌డోర్ఫున ఈ విద్యకు మొదటి ప్రపంచపోటీ జరిగెను. అందు అమెరికా వాడగు ఎడ్ కజ్మిర్స్కీ గెలిచెను. నాటినుండి నేటివరకు అంతర్జాతీయ వైమానిక సమాఖ్య ఈ పోటీలకు నియమములు విధించుచున్నది. ఈ తరగతికి ఎఫ్-3-ఎ యని పేరు.

ఇక విద్య యొక్క మర్మము వినుడు. ఒకప్పటి హైదరాబాదు సంస్థానములోనిదగు బీదరున 1996లో ఏర్పడిన మన వాయుసేన సూర్యకిరణ్ దళమువారి విన్యాసములను చూచినవారు, పల్టీలు కొట్టుటయే కష్టమని తలతురు. నిజమునకు పల్టీ సులభము. తిన్నని గీత కష్టము. పోటీలో న్యాయనిర్ణేతలు ప్రతి విన్యాసమునకు 10 మార్కులు మనసున నుంచుకొని, తప్పునకు తగినట్లు తగ్గించుచు పోదురు. గీత 15 డిగ్రీలు వంగినచో ఒక మార్కు పోవును. చక్రము కొట్టినచో అది సున్నవలె గుండ్రముగ నుండవలెను గాని కోడిగ్రుడ్డువలె నుండరాదు. గాలి ప్రక్కనుండి వీచుచున్నదనిన క్షమింపరు; విమానపు ముక్కు ఎటున్నదని చూడరు, అది నడచిన దారియే చూతురు. కావున నడుపువాడు ముక్కును గాలికి కొంచెము ఎదురుగ త్రిప్పి దారిని తిన్నగ నుంచవలెను. నడుపువానికి 150 మీటర్ల దూరమున, ఎడమకు 60 డిగ్రీలు, కుడికి 60 డిగ్రీలు, పైకి 60 డిగ్రీలు, ఇంతమేర ఆకాశమే వాని పలక.

ఆ తిన్నని గీత ఆకాశమున పుట్టదు, బల్లమీద పుట్టును. అది యెట్లో చెప్పెదను. సామాన్య విమానపు ఱెక్క పైన ఉబ్బుగను క్రింద ఇంచుమించు చదునుగను ఉండును. అందువలన తిన్నగ నున్నప్పుడు తేలికగ తేలును; వెల్లకిల తిరిగినచో మొరాయించును. విన్యాసవిమానపు ఱెక్క పైనను క్రిందను ఒక్కతీరు ఉబ్బు కలది. దానికి బోరగిల యన్నను వెల్లకిల యన్నను భేదము లేదు. ఱెక్కకును తోకకును నడుమ కోణము ఇంచుమించు సున్న. మోటారును మాత్రము డిగ్రీ, రెండు డిగ్రీలు కుడికిని, రవంత క్రిందికిని మొగ్గించి బిగింతురు. ఏలయన పంకా త్రోయు గాలి మెలికలు తిరిగి తోకకు ఒక ప్రక్క తగిలి, ముక్కును ఎడమకు లాగును. ఆ లాగుడునకు ముందే విరుగుడు చేయవలెను. సమతూకపు బిందువు ఱెక్క వెడల్పులో ముందంచునుండి నాల్గవవంతునకును మూడవవంతునకును నడుమ నుండవలెను. అది వెనుకకు జరిగినచో విమానము చెప్పినమాట వినదు; ముందుకు జరిగినచో ముక్కు బరువై బద్ధకించును.

పోటీవిమానము పొడవును ఱెక్కల విస్తారమును 2 మీటర్లు మించరాదు. బరువు 5 కిలోల పరిసరమున నుండును. అంతటి దేహమును అంత తేలికగ కట్టుటయే శిల్పము. పదునొకండవ శతాబ్దమున భోజరాజు పేర వెలసిన సమరాంగణసూత్రధారమున తేలిక కఱ్ఱతో చేయు పక్షియాకారపు యంత్రము ప్రసక్తి కలదు. దానిని పట్టుకొని సర్వమును మనవారికి ముందే తెలియునని నేననను. ఆ గ్రంథము నిర్మాణరహస్యమును పూర్తిగ చెప్పలేదు. కాని తేలిక కఱ్ఱ యన్నమాట నేటికిని చెల్లును. ఇప్పటివారు వాడు బాల్సా కఱ్ఱ విశేషముగ ఈక్వెడారు దేశమునుండి వచ్చును. అది టేకు బరువులో ఇంచుమించు నాల్గవవంతు తూగును. నురుగుదిమ్మెను ఱెక్కయాకారమున కోసి, దానిపై పలుచని బాల్సా రేకులను అంటించి, వేడికి బిగియు ప్లాస్టిక్ పొరను కప్పుదురు. పూర్వము ఆ పొరకు బదులు పలుచని కాగితమునే వాడెడివారు. గాలిపటపు చుట్టరికము అక్కడనే కనబడుచున్నది గదా.

ఇక శక్తి మాట. ఒకప్పుడు ఈ విమానములకు మెథనాలులో ఆముదము కలిపిన ఇంధనముతో తిరుగు చిన్న ఇంజనులుండెడివి. ఆముదపు పంటకు పేరుబడిన పాలమూరు, నల్లగొండల వారికి ఈ మాట వింతగ నుండవచ్చును. ఇప్పుడు పోటీలలో విద్యుత్తునకే ప్రాబల్యము. లిథియం పాలిమర్ బ్యాటరీగదులు పదింటిని వరుసగ కలుపుదురు. ఒక్కొక్కదాని సామాన్యపు వోల్టేజి 3.7, పదింటికి 37 వోల్టులు. మోటారు 70 ఆంపియరులు త్రాగినప్పుడు, 37ను 70చే గుణింపుడు: 2590 వాట్లు. 75 వాట్ల ఇంటిపంకాలు 34 ఒక్కమారు తిరుగునంత శక్తి యన్నమాట. బ్యాటరీ పరిమాణము 5 ఆంపియర్-గంటలైనచో, ఆ వేగమున నాలుగు నిమిషములకే ఖాళీ యగును. కాని ఎల్లవేళల అంత శక్తి యక్కరలేదు. నిట్టనిలువున ఎక్కునప్పుడు పూర్తిగను, అడ్డముగ పోవునప్పుడు సగముగను, దిగునప్పుడు దాదాపు లేకయు వాడుకొని, ఎనిమిది నిమిషముల విన్యాసమును ముగించి, ఇంకను అయిదవవంతు మిగుల్చుకొందురు. దిగునప్పుడు వేగము పెరుగకుండ పెద్ద పంకాయే గాలికి అడ్డుపడి పగ్గము వేయును. ఎక్కినప్పుడును దిగినప్పుడును వేగము ఒక్కటిగ నుండవలెననుట ఇందలి మర్యాద.

ఆజ్ఞలు మోయు తరంగము పొడవు 12 సెంటీమీటర్లకు కొంచెము ఎక్కువ. పూర్వము ఒకే తరంగమున ఇరువురు మాటాడినచో ఒకరి విమానము కూలెడిది. ఇప్పుడు పెట్టెయును విమానమును ముందే జతపడి, క్షణక్షణము తరంగము మార్చుకొనుచు పోవును గావున ఆ ప్రమాదము తగ్గినది. విమానములోని చిన్నచిన్న మోటారులు ఆ యాజ్ఞలను విని ఱెక్కల అంచులను, తోకను, చుక్కానిని కదలించును.

మా వీధి బాలుని కథకు వత్తము. పెద్ద పోటీవిమానము వెల మధ్యతరగతి యింటికి అందునది కాదు. ఫీజు పైకము ఫీజుకే యుండవలెనని నేను మొదటనే నిర్ణయించితిని. వాడు రోషపడి మూడు దినములు నాతో మాటాడలేదు. పిమ్మట పుష్యమాసమంతయు ధూల్‌పేటలో పటములు చేయు ఒక వృద్ధునియొద్ద పనికి కుదిరి, ఆ కూలితో మీటరు ఱెక్కల చిన్న విమానమునకు మూడుగదుల బ్యాటరీని, మోటారును కొనెను. దేహమును నురుగుపలకలతో తానే చేసెను. ఊరివెలుపలి మైదానమున ఎగురవేయగా అది లేచినది గాని, ఎల్లప్పుడు ఎడమకే ఒరగెను. "గాలి దోషము" అని బాలుడనెను. మరునాడు గాలి లేదు, ఒరుగుట మానలేదు.

వాడు దానిని ఆ వృద్ధుని కడకు కొనిపోయెను. నేనును వెంట నుంటిని. ఆయన ఏ కొలబద్దయు తీయలేదు. ముక్కుక్రింద ఒక వ్రేలు, తోకక్రింద ఒక వ్రేలు ఉంచి నిలిపెను. ఎడమ ఱెక్క మెల్లగ దిగెను. "దీనికి ఒకవైపు బరువు. పటమైనచో తేలికవైపున గుడ్డపేలిక కట్టెదను. నీవేమి చేసెదవో చూచుకొనుము" అనెను. బాలుడు ఇంటికి వచ్చి వెదకగా ఎడమ ఱెక్కలో జిగురు గడ్డకట్టి యుండెను. తోకయు రెండు మిల్లీమీటర్లు వంకరగ అంటియుండెను. జిగురు గీకి, తోక ఊడదీసి, దారముతో ఇరువైపుల కొలిచి, మరల అతికించెను. తర్వాతి ఆదివారము అది మైదానము నీ కొననుండి ఆ కొనకు తిన్నగ పోయెను. పల్టీ ఒక్కటియు లేదు. వాని తండ్రి మాత్రము ఆ తిన్నని పోకడనే నోరు తెఱచి చూచుచు నిలిచెను.

అతని ప్రశ్నకు నా సమాధానమిది: ఇది ఆటయును అగును, చదువును అగును, భేదము చేతిలో నున్నది. కొనితెచ్చి ఎగురవేసినచో ఆట. తన చేతితో చేసి, ఒరిగినప్పుడు ఎందుకొరిగెనో వెదకినచో చదువు. వ్యాకరణమున తప్పు వ్రాసిన బాలుడు పంతులును ఏమార్చవచ్చును. విమానమును ఏమార్చువాడు లేడు. కట్టిన తీరే అది ఆకాశమున చదివి వినిపించును.

తల్లిదండ్రులకు రెండు మూడు హెచ్చరికలు చేయుట నా విధి. లిథియం బ్యాటరీకి దెబ్బ తగిలినను, మితిమీరి నింపినను మండును. దాని మంట శీఘ్రముగ ఆరదు. దానిని నింపునప్పుడు మనిషి దగ్గర నుండవలెను, పడకగదిలో నింపరాదు, వేసవియెండలో మూసిన కారులో విడువరాదు. తిరుగు పంకా వ్రేళ్లను కోయగలదు. పాతబస్తీ మేడలు గాలిపటమునకు తగును గాని విమానమునకు తగవు; క్రింద జనులున్నచోట దీనిని ఎగురవేయుట పాపము. 2021లో వచ్చిన డ్రోన్ నియమములు ఈ నమూనాలకును వర్తించును. కంటిచూపు మేరలోనే నడుపవలెను. అనుమతి లేకయే ఎగురదగిన చోట గూడ 120 మీటర్లకు మించరాదు. విమానాశ్రయముల సమీపమున నిబంధన లింకను గట్టివి. ఇందాక చెప్పిన పోటీపలక లెక్క వేసి చూడుడు: 150 మీటర్ల దూరమున 60 డిగ్రీల ఎత్తనగా 260 మీటర్లు. కావున పూర్తివిన్యాసమునకు అనుమతి పొందవలెను. అభ్యాసము తక్కువ ఎత్తున సాగవలెను.

నియమమన్నంతనే విసుగుకొనువారు మాంజా సంగతి తలచుకొందురు గాక. నైలాను మొదలగు కృత్రిమపదార్థముల మాంజా పక్షుల ఱెక్కలను, దారిన పోవువారి కంఠములను కోసినందున 2017లో జాతీయ హరిత న్యాయస్థానము దానిని నిషేధించినది. ఒకరి వినోదము మరియొకరి ప్రాణముమీదికి వచ్చినచో అది వినోదము కాదు. దారమునకు వర్తించిన ధర్మమే తరంగమునకును వర్తించును.

కడపట ఒక మనవి. ధూల్‌పేట వృద్ధుని వంటి వారి వ్రేళ్లలో నున్న సమతూకపు జ్ఞానము ఏ పాఠ్యపుస్తకమునను లేదు. వారి సంతతి వేఱుపనులకు పోవుచున్నది. మన బడులలో విజ్ఞానశాస్త్రము చెప్పు ఉపాధ్యాయులు ఏటికొకమారైనను అట్టివానిని తరగతికి పిలిచి, ఒక వెదురుపుల్ల చేతికిచ్చి, సరిగ వంచి చూపుమని ప్రార్థింపవలెను. దారమున్నను లేకున్నను, ఎగురు వస్తువునకు మొదటి పాఠము ఆ పుల్లయొద్దనే కలదు.