అంతర్వేది ఆడపడుచు, ఐర్లండు జలకన్య

వశిష్ఠ గోదావరి అంతర్వేది దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ కలిసే చోటును స్థానికులు అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. ఊళ్లోని ఆరాధన కూడా తోబుట్టువుల చుట్టూ అల్లుకున్నదే. అన్న లక్ష్మీనరసింహస్వామి, తోబుట్టువు అశ్వారూఢాంబిక. జనం నోట ఆమె గుర్రాలక్క.

స్థలపురాణం ప్రకారం, హిరణ్యాక్షుడి కొడుకు రక్తవిలోచనుడు వశిష్ఠ ఒడ్డున తపస్సు చేసి శివుణ్ణి మెప్పించాడు. తన ఒంటి నెత్తురు ఎన్ని ఇసుక రేణువులను తడిపితే అంతమంది రాక్షసులు పుట్టాలని వరం అడిగాడు. కనుచూపు మేర ఇసుకే ఉన్న చోట అంతకు మించిన వరం ఉండదు మరి. వాడు వశిష్ఠుడి నూరుగురు కొడుకులను చంపాడు. వశిష్ఠుడి మొర విని నరసింహస్వామి గరుడవాహనం మీద వచ్చాడు. చక్రం దెబ్బకు చిందిన నెత్తురు నేల పడకుండా మాయాశక్తి తన నాలుక పరిచి పట్టింది. ఆ మాయాశక్తే గుర్రాలక్క. రాక్షసుణ్ణి చంపింది అన్నే అయినా, ఆమె లేకపోతే ఆ పోరు తెగేది కాదు.

ఐర్లండు తీరంలో సముద్రపు స్త్రీది వేరే బతుకు. అక్కడి పాత వృత్తాంతాల్లో లీబన్ అనే జలకన్య 558లో వలకు చిక్కిందని ఉంది. కోంగాల్ అనే సాధువు ఆమెకు జ్ఞానస్నానం చేయించాడంటారు. క్రాఫ్టన్ క్రోకర్ 1828లో అచ్చువేసిన కథ ఇంకా ఆసక్తికరం. కెర్రీ ప్రాంతంలో ఒకడు ఒడ్డున తల దువ్వుకుంటున్న జలకన్యను చూసి, ఆమె టోపీ లాక్కుంటాడు. అది లేనిదే ఆమె నీళ్లలోకి పోలేదు. వాణ్ణే పెళ్లాడి ముగ్గురు పిల్లల్ని కంటుంది. ఒకనాడు గోడకు వేలాడుతున్న వలను లాగితే వెనక బొక్కలో ఆ టోపీ కనబడుతుంది. ఊయలలో పాపను ముద్దాడి సముద్రంలోకి వెళ్లిపోతుంది, మళ్లీ రాదు.

అక్కడ సముద్రపు స్త్రీ కోడలైంది, అదీ టోపీ దాచినంత కాలమే. ఇక్కడ గుర్రాలక్క ఆడపడుచు. ఆడపడుచును దాచిపెట్టి నిలుపుకోరు, పెట్టుపోతలతో నిలుపుకుంటారు. మాఘమాసంలో భీష్మ ఏకాదశినాడు రథోత్సవం జరిగేటప్పుడు స్వామి తరఫున గుర్రాలక్కకు చీర, సారె ఇస్తారు.

అంతర్వేదిలో ఇప్పుడున్న స్వామి గుడి 1823 నాటిది. కట్టించినవాడు కొపనాతి కృష్ణమ్మ, అగ్నికులక్షత్రియుడు, ఓడల వ్యాపారి. నడిసముద్రంలో చిక్కుకుపోయిన తన ఓడలు మొక్కుకున్నాక ఒడ్డు చేరాయనీ, ఆ మొక్కే గుడి అయిందనీ చెబుతారు. కథను ఎంతవరకు నమ్మాలన్నది అటుంచితే, సముద్రం మీద బతికే వర్గం ఈ గుడితో పెట్టుకున్న బంధం మాత్రం కాదనలేనిది. 2020 సెప్టెంబరులో పాత రథం కాలిపోయినప్పుడు గోదావరి జిల్లాలంతటా ఆందోళన రేగింది. కొత్త రథం కొద్ది నెలల్లోనే తయారై, 2021 ఫిబ్రవరిలో భీష్మ ఏకాదశి ఉత్సవానికి అంతర్వేది వీధుల్లోకి వచ్చింది.